ఆచార్య పీఠానికి అర్హత: సూపర్ స్పెషాలిటీ వైద్యవిద్యలో రిజర్వేషన్ల వివాదం

విద్య ఒక మెట్టు దాటి పైకి వెళ్ళిన తరువాత దానిని ఎవరు బోధించాలన్న నిర్ణయంలో సామాజిక న్యాయానికి చోటుంటుందా, లేక అక్కడ మెరిట్ అని వాడుకలో ఉన్న ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలా అన్న ప్రశ్న పైకి సర్వీసు నిబంధనల తగాదాగా కనిపించినా, దాని వేళ్ళు ధర్మశాస్త్రంలోకి, వేదాంత చర్చలోకి, వైద్యవృత్తి పూర్వచరిత్రలోకి పాకి ఉన్నాయి. ఎంబీబీఎస్ మీద ఎండీ లేదా ఎంఎస్, ఆ పైన గుండె, మెదడు, మూత్రపిండాల వంటి ఒక్కొక్క అవయవానికి పరిమితమైన డీఎం, ఎంసీహెచ్ చదువులు ఉంటాయి. ఈ చివరి అంతస్తునే సూపర్ స్పెషాలిటీ అంటారు. ఇక్కడ పాఠం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసరు మొదలు ప్రొఫెసరు వరకు ఉన్న పోస్టులలో కులప్రాతిపదికన రిజర్వేషన్ ఉండవచ్చునా అన్నదే దశాబ్దాలుగా న్యాయస్థానాలలో నలుగుతున్న వివాదం.

దీనికి మూలం 1992 నవంబరు 16న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇంద్రా సాహ్నీ కేసులో వెలువరించిన తీర్పు. మండల్ సిఫార్సుల మేరకు వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్‌ను సమర్థించిన ఆ తీర్పులోనే, మరో ముగ్గురు న్యాయమూర్తుల తరఫున కూడా అభిప్రాయం రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, పని స్వభావం వల్లనో స్థాయి వల్లనో ప్రతిభ మాత్రమే లెక్కలోకి రావలసిన కొలువులు కొన్ని ఉంటాయని చెప్పి, ఉదాహరణలుగా ఒక చిన్న జాబితా ఇచ్చారు. రక్షణ దళాలలోని సాంకేతిక పోస్టులు, అణుశక్తి, అంతరిక్ష పరిశోధన సంస్థలలోని సాంకేతిక పోస్టులు, ప్రొఫెసరు, ఆ పై స్థాయి బోధన పోస్టులు, వైద్యంలోనూ ఇంజనీరింగులోనూ సూపర్ స్పెషాలిటీ పోస్టులు, విమానాల పైలట్లు, కోపైలట్లు ఆ జాబితాలో ఉన్నారు. హైదరాబాదు తూర్పు శివారులో ఆ జాబితాలోని చివరి రెండు అంశాల ఆనవాళ్ళూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి: బాలాపూర్ మండలంలోని నాదర్‌గుల్‌లో పైలట్ల శిక్షణకు వాడిన చిన్న విమానాశ్రయం ఉంది, అక్కడికి దగ్గరలోనే, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండిన స్థలంలో, వెయ్యి పడకల ఎల్బీనగర్ టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. ఆ ఆసుపత్రి స్థలానికి దగ్గరలోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కులానికి చెందిన విద్యార్థి అయినా పోటీ పరీక్షల కోచింగులో ఒకే బెంచీ మీద కూర్చుంటాడు. జాబితా చెప్పేదేమిటంటే, ఆ దారి చివర ఉన్న కొన్ని కుర్చీల దగ్గర రాజ్యాంగం ఇచ్చిన చేయూత ఆగిపోవాలని.

ఆ తీర్పులో వాడిన మాట నిషేధం కాదన్నది మరువరాదు. అలాంటి పోస్టులలో రిజర్వేషన్ ఉచితం కాకపోవచ్చునని మాత్రమే జస్టిస్ జీవన్‌రెడ్డి అన్నారు. ఎక్కడ ఉచితమో తేల్చే పనిని ప్రభుత్వానికే వదిలారు. సలహాగా పుట్టిన ఆ వాక్యం తరువాతి తీర్పులలో క్రమంగా సిద్ధాంతం అంత బరువును సంతరించుకుంది.

ఈ చర్చ ప్రధాన ఘట్టాలలో ముగ్గురు తెలుగు న్యాయమూర్తుల పాత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి 1985 నాటి కె.సి. వసంతకుమార్ కేసులో, రిజర్వేషన్ మాట ఎత్తగానే సామర్థ్యం దెబ్బతింటుందన్న వాదన ముందుకు తెచ్చేవారు ఎక్కువగా అప్పటికే పైన ఉన్నవారేనని, సామర్థ్యం ఏ ఒక్క వర్గం గుత్తసొత్తూ కాదని వాదించారు. అదే హైకోర్టులో పనిచేసిన జస్టిస్ జీవన్‌రెడ్డి ఆ దృష్టిని చాలామేరకు అంగీకరిస్తూనే శిఖరస్థాయికి మినహాయింపు గీత గీశారు. భీమవరానికి చెందిన జస్టిస్ కె. రామస్వామి 1997లో చండీగఢ్ పోస్ట్ గ్రాడ్యుయేట్ వైద్య సంస్థకు సంబంధించిన కె.ఎల్. నరసింహన్ కేసులో ఆ గీతను దాటి, ఉన్నత వైద్యసంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసరు స్థాయి రిజర్వేషన్‌ను సమర్థించారు. ప్రవేశంలో సడలింపు పొందినవారూ అదే శిక్షణ పొంది అదే పరీక్ష నెగ్గి బయటికి వస్తున్నప్పుడు ప్రమాణం తగ్గిందనడానికి ఆధారం లేదన్నది ఆయన వాదన సారం. విచిత్రమేమిటంటే 1994 నాటి అజయ్‌కుమార్ సింగ్ కేసులో, పీజీ సీట్ల విషయంలో, ఇదే వాదనను జస్టిస్ జీవన్‌రెడ్డి స్వయంగా వినిపించారు. ఒకే ప్రాంతపు న్యాయవ్యవస్థలో పెరిగిన ముగ్గురు ఒకే ప్రశ్నకు మూడు చోట్ల నిలబడటమే, ఇది చట్టం చదివినంత మాత్రాన తేలే ప్రశ్న కాదని చూపుతుంది.

తెలుగు నేల మీద ఈ తగాదా అంతకంటే పాతది, అయితే కింది మెట్టున మొదలైంది. ఆంధ్రప్రదేశ్ వైద్యకళాశాలల్లో వెనుకబడిన తరగతులకు కేటాయించిన సీట్లను, విచారణ లేకుండా కేవలం కులాల జాబితా పెట్టారన్న కారణంతో, 1968లో పి. సాగర్ కేసులో సుప్రీంకోర్టు చెల్లవంది. ఆ తరువాత అనంతరామన్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఆధారంగా ప్రభుత్వం ఏ, బీ, సీ, డీ వర్గాలుగా 25 శాతం రిజర్వేషన్ ఇవ్వగా, 1972లో బలరామ్ కేసులో అదే కోర్టు దానిని సమర్థించింది. ఎంబీబీఎస్ స్థాయిలో ఇలా తేలిన విషయం పై మెట్టుకు వెళ్ళేసరికి మళ్ళీ మొదటికి వచ్చింది.

బోధన పోస్టుల విషయంలో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపినది నిజానికి ప్రతిభను గురించిన తీర్పు కాదు, లెక్కకు సంబంధించిన తీర్పు. 1998 ఏప్రిల్ 17న చండీగఢ్ సంస్థకూ దాని అధ్యాపక సంఘానికీ మధ్య వ్యాజ్యంలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఒక శ్రేణిలో ఒకే ఒక్క పోస్టు ఉన్నప్పుడు దానిని వంతులవారీగానైనా రిజర్వు చేయడం కుదరదని, అలా చేస్తే ఆ వంతు వచ్చినప్పుడు అది నూటికి నూరు శాతం రిజర్వేషన్ అవుతుందని తేల్చింది. తర్కం సరళంగానే ఉంది. కానీ సూపర్ స్పెషాలిటీ విభాగాల నిర్మాణమే అలాంటిది: గుండె శస్త్రచికిత్స విభాగంలో ఒకరు, ఎండోక్రైనాలజీలో ఒకరు, ఇలా ఎక్కడికక్కడ ఒంటరి పోస్టులే ఎక్కువ. రోస్టర్ అంటే ఏ నియామకం ఏ వర్గానికి చెందాలో ముందుగా రాసిపెట్టే వరుస పట్టిక. కేంద్ర రోస్టర్‌లో ఓబీసీల తొలి వంతు 4వ స్థానంలో, ఎస్సీలది 7వ స్థానంలో, ఎస్టీలది 14వ స్థానంలో వస్తుంది. ప్రతి విభాగాన్నీ విడి యూనిట్‌గా లెక్కించినప్పుడు, ముగ్గురు నలుగురు అధ్యాపకులున్న చోట ఆదివాసీ అభ్యర్థి వంతు రావడానికి ఒక తరం పట్టవచ్చు. ఎవరూ ఎవరినీ అనర్హులని అనకుండానే, ఒక్క కాగితం మీద కూడా నిషేధమన్న మాట రాయకుండానే, తలుపు మూసుకుంటుంది. 2017లో అలహాబాదు హైకోర్టు విశ్వవిద్యాలయాలన్నిటికీ విభాగమే యూనిట్ అన్నప్పుడు ఈ లెక్క అసలు రూపం దేశమంతటికీ కనిపించింది. దేశవ్యాప్త నిరసన తరువాత 2019లో పార్లమెంటు కేంద్ర విద్యాసంస్థలకు సంస్థ మొత్తాన్నే యూనిట్‌గా గుర్తించే చట్టం చేసింది. అయితే ఆ చట్టం కూడా టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వంటి కొన్ని సంస్థలను షెడ్యూలులో పెట్టి మినహాయించింది, అంటే 1992 నాటి జాబితా నీడ అక్కడా పడింది.

ఈలోగా 1999 ఆగస్టులో ప్రీతీ శ్రీవాస్తవ కేసులో మరో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పీజీ ప్రవేశాలలో కనీస మార్కుల మధ్య పెద్ద అంతరం ఉండరాదని, సూపర్ స్పెషాలిటీలో అసలు సడలింపే తగదని చెప్పి, జస్టిస్ జీవన్‌రెడ్డి, జస్టిస్ రామస్వామి రాసిన పై రెండు తీర్పుల దృష్టిని తిరస్కరించింది. 2013 జూలై 18న, ప్రధాన న్యాయమూర్తి అల్తమస్ కబీర్ పదవీవిరమణ రోజున, ఢిల్లీ ఎయిమ్స్ అధ్యాపక సంఘం వేసిన కేసులో అయిదుగురి ధర్మాసనం ఇంద్రా సాహ్నీలోని మాటను తాము కాదనలేమని చెప్పి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు దానికి అనుగుణంగా తగిన చర్యలు తీసుకోవాలని కోరింది. పార్లమెంటులో దుమారం రేగింది, ప్రభుత్వం పునస్సమీక్ష కోరింది. ఆచరణలో మాత్రం బీబీనగర్‌తో సహా ఎయిమ్స్ సంస్థల అధ్యాపక నియామక ప్రకటనలు నేటికీ వర్గాలవారీ పోస్టులతోనే వస్తున్నాయి. తీర్పు ఒక దిక్కు చూపుతుండగా ప్రభుత్వం మరో దిక్కున నడుస్తున్న ఈ స్థితి చిత్రమైనదే అయినా, రిజర్వేషన్ ఇవ్వడం ప్రభుత్వ విచక్షణ అని చెప్పిన కోర్టే దానిని పూర్తిగా ఆపలేదన్నది ఇందులోని కిటుకు.

తెలుగు పాఠకుడు తప్పక తలచుకోవలసిన తీర్పు 2015 అక్టోబరు 27న వచ్చింది. డీఎం, ఎంసీహెచ్ సీట్లకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ రాష్ట్రాలవారినే అనుమతించడాన్ని ఇతర రాష్ట్రాల వైద్యులు సవాలు చేశారు. ఆ అంతస్తులో ప్రతిభ తప్ప మరేదీ చూడరాదన్నది వారి వాదన. రెండు రాష్ట్రాలూ రాజ్యాంగంలోని 371-డి అధికరణాన్ని, అంటే 1969, 1972 ఉద్యమాల తరువాత ఆరు సూత్రాల పథకం మేరకు 1973లో చేర్చి, స్థానికులకు విద్యలోనూ ఉద్యోగాలలోనూ రక్షణ కల్పించిన నిబంధనను అడ్డుపెట్టుకుని గెలిచాయి. కోర్టు మాత్రం తీర్పులో తన విచారాన్ని దాచుకోలేదు, జాతి ప్రయోజనం కోసం ఉన్నత విద్యలో రిజర్వేషన్లను తొలగించాలన్న పాత ఆశనే మళ్ళీ వ్యక్తం చేసింది. ఇక్కడ గమనించవలసినది తెలుగు సమాజపు ప్రవర్తన. శిఖరస్థాయిలో స్థానికతకు చోటు ఇవ్వడం వల్ల రోగులకు హాని జరుగుతుందని ఆ రోజు ఇక్కడి వైద్యవర్గాల నుంచి గానీ పత్రికల నుంచి గానీ పెద్ద ఆందోళన వినబడలేదు. పుట్టిన ప్రాంతం వల్ల కలిగిన వెనుకబాటును సరిదిద్దడం న్యాయమైతే, పుట్టిన కులం వల్ల కలిగిన వెనుకబాటును సరిదిద్దడం ప్రమాణాల పతనం ఎలా అవుతుందో ఎవరూ చెప్పలేదు. 2017లో నీట్-ఎస్‌ఎస్ పేరిట ఈ చదువులకు దేశవ్యాప్త కౌన్సెలింగ్ వచ్చిన తరువాత కథ మారింది గానీ, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

న్యాయశాస్త్రం ఇక్కడ తడబడటానికి కారణం, ఈ ప్రశ్న దానికంటే ఎంతో పాతది కావడం. ఒక విద్యను పొందడానికి తగినవాడిని వేదాంతం అధికారి అంటుంది; వివేకం, వైరాగ్యం, శమదమాదులు, మోక్షేచ్ఛ అనే నాలుగు సాధనాలు అతనికి ఉండాలంటుంది. ఈ నాలుగింటిలో పుట్టుక లేదు. అయినా బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడవ పాదంలోని అపశూద్రాధికరణం, ఉపనయనం లేనివానికి వేదాధ్యయనం లేదు కనుక వేదం ద్వారా వచ్చే బ్రహ్మవిద్యలో అతనికి అధికారం లేదని తేల్చింది. ఆదిశంకరులు భాష్యంలో విదురుడు, ధర్మవ్యాధుడు జ్ఞానులైన సంగతిని ఒప్పుకున్నారు, ఇతిహాస పురాణాల ద్వారా అందరికీ జ్ఞానం అందవచ్చునన్నారు. కానీ శ్రుతి అనే పై దారిని మాత్రం మూసే ఉంచారు. కింది మెట్లు తెరిచి ఉంచి చివరి మెట్టును కాపాడుకునే ఈ పద్ధతి నేటి తీర్పుల నిర్మాణానికి దగ్గరగా కనిపిస్తుంది. పోలికను ఇంతకుమించి లాగకూడదు, ఎందుకంటే సుప్రీంకోర్టు పుట్టుకను బట్టి ఎవరినీ తోసిపుచ్చలేదు, జనరల్ కోటాలో ఎవరైనా పోటీపడవచ్చు. అయినా రెండు చోట్లా ఒక నమ్మకం ఉమ్మడిగా ఉంది: జ్ఞానం ఎంత పైకి వెళితే అంతగా అది సమాజ చరిత్రకు అతీతమవుతుందని.

వైద్యం విషయంలో ఈ నమ్మకం మరీ నిలబడదు. చికిత్సకుని అన్నం తినరాదని, అతడిని శ్రాద్ధానికి పిలవరాదని మనుస్మృతి శాసించింది, ఎందుకంటే ఆ అన్నం చీముతో సమానమని దాని మాట. సుశ్రుత సంహిత సూత్రస్థానం వైద్యవిద్యకు అర్హులను వర్ణాలవారీగా చెబుతూ, మంచి గుణాలున్న శూద్రునికి కూడా ఉపనయనం, మంత్రం లేకుండా ఆ శాస్త్రం నేర్పవచ్చునన్న కొందరి మతాన్ని నమోదు చేసింది. అంటే ఆనాడే ఆ తలుపు గురించి తగవు ఉంది. తెలుగు పల్లెల్లో కురుపులు కోసి కట్టు కట్టినవారు మంగలి కులస్థులు, పురుడు పోసినవారు ఆ ఇంటి మంత్రసానులు. వారి నేర్పును ఎవరూ ప్రతిభ అని పిలవలేదు, అది కులవృత్తి మాత్రమే అయింది. పందొమ్మిదవ శతాబ్దంలో వైద్యకళాశాలలు వచ్చి, 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవచ్ఛేదం చేసి, 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల తెరుచుకుని, కత్తి పట్టడం గౌరవప్రదమైన ఉద్యోగంగా మారాక, ఒకనాడు దేహాన్ని తాకినందుకు తక్కువైనవారి మనుమలు అదే దేహాన్ని తాకే ఉన్నత విద్యకు తగరేమో అన్న శంక మొదలైంది. పనిలో అవమానం ఉన్నన్నాళ్ళు దానికి పుట్టుక చాలింది, గౌరవం రాగానే ప్రతిభ అవసరమైంది.

తెలుగు భక్తి సంప్రదాయం గురుపీఠం విషయంలో వేరే దారి తొక్కింది. పోతులూరి వీరబ్రహ్మం తన విద్యను దూదేకుల సిద్దయ్యకు అందించాడు, దళితుడైన కక్కయ్యను శిష్యునిగా స్వీకరించాడు. బోధించే చోటును మార్చకుండా జ్ఞానం మారదన్న ఎరుక ఆ సంప్రదాయానికి ఉంది. ఆధునిక సంస్థలో ఆచార్యుడు పాఠం చెప్పి ఊరుకోడు. ఎంపిక కమిటీలో కూర్చుంటాడు, మౌఖిక పరీక్షలో మార్కులు వేస్తాడు, ఏ శిష్యుడు ఆపరేషన్ టేబుల్ దగ్గర కత్తి పట్టాలో ఎవరు పక్కన నిలబడి చూడాలో నిర్ణయిస్తాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షను పరిశీలించిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, ఉపాధ్యాయుల తీరు గురించి విద్యార్థులు చెప్పిన ఫిర్యాదులను వివరంగా నమోదు చేసింది. సంస్థ ఆ నివేదికను అంగీకరించలేదు.

రిజర్వేషన్ వ్యతిరేక వాదంలో ఒక బలమైన అంశం ఉంది, దానిని పక్కకు నెట్టడం న్యాయం కాదు. ఒక వైద్యుని పొరపాటు ఒక రోగిని బాధిస్తే, ఒక బోధకుని లోపం అతని చేతిలో తయారైన వైద్యులందరి ద్వారా వేలమందిని చేరుతుంది. రోగి తన దేహాన్ని అప్పగించేటప్పుడు సామాజిక ప్రయోగానికి ఒప్పుకోలేదు. ఇది నిజమే. అయితే ఈ వాదన కోరేది కనీస సామర్థ్యాన్ని, అంటే అంతకంటే తక్కువైతే రోగికి ప్రమాదమన్న హద్దును. రిజర్వుడు పోస్టుకైనా డీఎం లేదా ఎంసీహెచ్ పట్టా, నిర్ణీత అనుభవం ఉండి తీరాలి కనుక ఆ హద్దు అక్కడ ఎప్పుడూ చెరగలేదు. హద్దు దాటిన ఇద్దరిలో ఎవరు మొదటివారు, ఎవరు రెండవవారు అన్నది రోగి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న కాదు. అమర్త్యసేన్ ప్రతిభను గురించి రాసిన వ్యాసంలో చెప్పినట్టు, ఏది ప్రతిభ అన్నది సమాజం దేనిని మేలుగా ఎంచుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. 2022 జనవరి 20న నీల్ ఆరేలియో న్యూన్స్ కేసులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న దాదాపు ఈ మార్గంలోనే, పోటీ పరీక్ష మార్కులు ప్రతిభకు పూర్తి ప్రతిబింబం కావని, రిజర్వేషన్ ప్రతిభకు విరుద్ధం కాదని పీజీ సీట్ల సందర్భంలో చెప్పారు. భారతీయ రైల్వేల లెక్కలను పరిశీలించిన అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ కూడా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరగడం వల్ల ఉత్పాదకత తగ్గినట్టు ఆధారం కనుగొనలేదు. రైల్వే, ఆసుపత్రి ఒకటి కాదు. అయినా పతనం తప్పదన్నవారే దానికి ఆధారం చూపవలసి ఉంది.

ప్రమాణాల మీద ఉన్న ఈ పట్టింపు ఎక్కడ సడలుతుందో గమనిస్తే వివాదం నిజరూపం కొంత తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని నీట్-పీజీ అర్హతను సున్నా పర్సెంటైల్‌కు దించారు. 2025లో బోధకుల కొరత తీర్చడానికి జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు మార్చి, 220 పడకల ప్రభుత్వాసుపత్రిలో పదేళ్ళు పనిచేసిన స్పెషలిస్టుకు బోధనానుభవం లేకున్నా అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి వీలు కల్పించారు. ఈ మార్పులు తప్పని కాదు, కొన్ని అవసరమే. సీటు ఖాళీ ఉంటే ప్రమాణం వంగుతుంది, కులం పేరు వస్తేనే అది నిటారుగా నిలుస్తుంది.

అసలు చిక్కు ఒక గొలుసు. సూపర్ స్పెషాలిటీ ప్రవేశాలలో కులప్రాతిపదికన రిజర్వేషన్ లేదు, అందువల్ల డీఎం, ఎంసీహెచ్ పట్టాలున్న దళిత, ఆదివాసీ వైద్యుల సంఖ్య తక్కువగా ఉంటుంది. అందువల్ల వారికి కేటాయించిన బోధన పోస్టుకు దరఖాస్తులు తక్కువ వస్తాయి. వచ్చినవారిని ఎంపిక కమిటీ 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని, అంటే తగినవారు దొరకలేదని రాసి పంపుతుంది. ఆ ఖాళీలే తరువాతి వ్యాజ్యంలో రిజర్వేషన్ వ్యర్థమన్న వాదనకు సాక్ష్యాలవుతాయి. ఈ గొలుసులో ఏ కొక్కెం దగ్గరా ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు, ప్రతి ఒక్కరూ నిబంధన పాటిస్తే చాలు. కాబట్టి ఇంద్రా సాహ్నీ జాబితాలోని సూపర్ స్పెషాలిటీ పంక్తి, 1992లో జాగ్రత్తతో కూడిన ఊహగా అర్థం చేసుకోదగినదే అయినా, ఇప్పుడు దానిని సూత్రంగా నిలబెట్టే హేతువు మిగల్లేదు. దానిని మార్చగలిగినది అంతకంటే పెద్ద ధర్మాసనమో పార్లమెంటో మాత్రమే.

అంతవరకు రాష్ట్రాల చేతిలో ఉన్న పని ఉంది. తెలంగాణ వైద్యారోగ్య నియామక మండలి 2022 డిసెంబరులో ఒకేసారి 1,147 అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టులకు ప్రకటన ఇవ్వగలిగిందంటే, పోస్టులను కలిపి భర్తీ చేయడం పరిపాలనకు కొత్త కాదు. ఎల్బీనగర్ టిమ్స్‌కు అధ్యాపకులను నియమించేటప్పుడు విభాగాన్ని కాక సంస్థ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా లెక్కించి రోస్టర్ రాయాలి, రిజర్వుడు అభ్యర్థి తగడని కమిటీ తేల్చిన ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా ప్రకటించాలి, ఖాళీని జనరల్ కోటాకు మళ్ళించకుండా మళ్ళీ ప్రకటన ఇవ్వాలి. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కరలేదు.